ఐరన్ మెయిడెన్ 'సమ్‌వేర్ ఇన్ టైమ్': సింథ్ పాడుచేసిందా?

మెలోడిక్ మెటల్‌కి (రాగాలు ఎక్కువుండే హెవీ రాక్‌కి) కొత్త, బ్రిటిష్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ చేసిన ఈ ఆల్బమ్‌తో మొదలుపెట్టొచ్చా, సింథసైజర్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే పరికరం, పొట్టిగా సింథ్) వాడి పాడుచేశారంటున్నారు నిజమేనా అని అడిగారు. నిక్షేపంగా మొదలుపెట్టండి. దీంట్లో లోపాలున్నాయి గానీ సింథ్ మాత్రం కాదు.

నేను మొదట విన్నది హాస్టల్లో సీనియర్ ఇచ్చిన క్యాసెట్‌లో. ఎన్ని చేతులు మారిందో ఏమో, టేపు సాగిపోయి మొదటి పాటలో గిటార్లు నీళ్లలోంచి వస్తున్నట్టు ఊగేవి. ఓహో గిటార్ సింథ్ అంటే ఇదన్నమాట అనుకుని, రెండేళ్లు జూనియర్లకి అదే పాఠం చెప్పాను కూడా. సీడీ దొరికాక వింటే ఊగడమూ లేదు, ఏమీ లేదు! కీబోర్డు వాయించే మనిషిని పెట్టుకోలేదు వీళ్లు, గిటార్ శబ్దాన్నే సింథ్‌లోంచి పంపారు. అది కచేరీలో తంబూరాలాగా వెనక నిలబడి ఉంటుంది, అంతే.

1986లో వచ్చింది. అంతకుముందు దాదాపు ఏడాదిపాటు ఆపకుండా టూర్ చేసి అందరూ డస్సిపోయి ఉన్నారు. గాయకుడు బ్రూస్ డికిన్సన్ అకౌస్టిక్ పాటలు పట్టుకొస్తే మిగతావాళ్లు వద్దన్నారు, అందుకే ఎనిమిది పాటల్లో ఒక్కదానికీ రచయితగా అతని పేరుండదు. ఆ ఖాళీలో గిటారిస్ట్ అడ్రియన్ స్మిత్ మూడు పాటలు రాశాడు, నా లెక్కలో ఆల్బమ్‌ని నిలబెట్టింది అతనే. 'వేస్టెడ్ ఇయర్స్' మొదట్లో వచ్చే ముక్క, వేలు పెట్టని తీగని మధ్యమధ్య మీటుతూ పరుగెత్తేది, నేర్చుకోవడానికి నాకు ఒక వేసవి సెలవులు పట్టింది, ఇప్పటికీ పూర్తి వేగంతో రాదు. 2008 ఫిబ్రవరిలో ముంబైలో వాళ్లు ఆ పాట ఎత్తుకోగానే పక్కనున్న అపరిచితుడు నా భుజం మీద చెయ్యేసి గొంతు చించుకున్నాడు, నేనూ తక్కువ తినలేదు.

ఇక లోపాలు. బేస్ గిటార్ వాయించే, మిగతా పాటల్లో చాలావరకు రాసిన స్టీవ్ హారిస్‌కి పల్లవి దొరికితే వదలడు. 'హెవెన్ కెన్ వెయిట్'లో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టబోయి విసుగొచ్చి మానేశాను. 'అలెగ్జాండర్ ది గ్రేట్' సాహిత్యం అయితే క్రీస్తుపూర్వం సంవత్సరాలతో సహా సోషల్ నోట్సే. సైన్యం ఇండియాకి రానందని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, మన పురుషోత్తముడి ఊసే లేదు! అయినా మధ్యలో మాటలు ఆగిపోయి గిటార్లు అందుకున్నాక అవన్నీ మర్చిపోతాం. అలాంటి పాటని స్టేజీ మీద మొదటిసారి వాయించింది 2023లోనట, ఎందుకు దాచిపెట్టుకున్నారో మరి.

టైమ్ లేదు, ఒక్క పాటతో తేల్చుకోవాలంటే 'స్ట్రేంజర్ ఇన్ ఎ స్ట్రేంజ్ ల్యాండ్' పెట్టండి. ఆర్కిటిక్ మంచులో చనిపోయిన అన్వేషకుడి పాట, నిదానంగా నడుస్తుంది, సోలో స్మిత్‌దే. మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి, క్యాసెట్‌లో మాత్రం వద్దు.