పదో తరగతి బ్యాచ్ జ్ఞాపకాల పుస్తకం: వ్యాసాలు అడక్కండి, కాగితాలు అడగండి

అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో 2001లో పదో తరగతి పూర్తి చేసిన బ్యాచ్, మొత్తం 62 మంది. పాతికేళ్ళ సమ్మేళనం డిసెంబర్‌లో. అప్పటికి ఒక జ్ఞాపకాల పుస్తకం వేయాలి. గ్రూపులో "మీ జ్ఞాపకాలు రాసి పంపండి" అని పెడితే వచ్చినవి తొమ్మిదే, అవి కూడా అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏం చేయాలి?

ఒకేలా రాక ఇంకెలా వస్తాయి! "జ్ఞాపకాలు రాయండి" అంటే ఎవరైనా "ఆ రోజులు మళ్ళీ రావు" అనే రాస్తారు. అది ఇప్పటి బెంగ, అప్పటి బడి కాదు. పుస్తకంలో కనీసం సగం 2001 నాటి కాగితం ఉండాలి: స్లామ్ బుక్కులు (ఇష్టాయిష్టాల ప్రశ్నలకు స్నేహితుల చేత జవాబులు రాయించుకున్న పుస్తకాలు), ఆటోగ్రాఫ్ పుస్తకాలు, నోట్సు వెనక పేజీల్లో గీసిన బొమ్మలు, ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్న సంతకం. పదిహేనేళ్ళ పిల్ల ఆకుపచ్చ జెల్ పెన్నుతో "ఫేవరెట్ సబ్జెక్ట్: పీఈటీ పీరియడ్" అని రాసుకుంటే దాని పక్కన ఏ వ్యాసమూ నిలవదు. 62 మందిలో పది స్లామ్ బుక్కులు దొరికినా చాలు, ఒక్కోదాంట్లో అందరూ రాసే ఉంటారు.

వ్యాసానికి బదులు చిన్న ప్రశ్నలు పంపండి. వారానికి ఒకటే, జవాబు రెండు లైన్లు. వాయిస్ మెసేజ్ అయినా సరే, టైపు మీరు చేసుకోండి. బెంచీలో నీ ఎడమ పక్కన ఎవరు? బడికి ఏ నంబరు బస్సు? గేటు బయట బండి మీద ఏం కొనేవాడివి, ఎంతకి? ఉప్పుకారం జల్లిన మామిడికాయ ముక్కలా, ఉసిరికాయలా, ఐసా? పీరియడ్ల బెల్లు దేనితో కొట్టేవాళ్ళు? ఎవరితో కట్టీ, ఎన్నాళ్ళు? గేటు బండి గురించి అడిగితే నలభై జవాబులు గ్యారంటీ. "నీ మధురానుభూతి" అని మాత్రం అడక్కండి.

జ్ఞాపకంలో తేదీలు దారుణంగా మారిపోతాయి. మీ బ్యాచ్‌కి పట్టుకోవడానికి గట్టి కొక్కేలు మూడున్నాయి. బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసిన వాన 24 ఆగస్టు 2000న, గురువారం. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరికి కాంస్యం 19 సెప్టెంబర్ 2000న, మంగళవారం. కోల్‌కతా టెస్టులో మన లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా అవుట్ కాకుండా ఆడింది 14 మార్చి 2001న, బుధవారం. "ఆ వాన ఆదివారం పడింది, ఇంట్లోనే ఉన్నాం" అని ఎవరైనా రాస్తే ఆ జ్ఞాపకం వేరే వానదన్నమాట. "వానకి ముందా, తర్వాతా?" అని అడగండి. సంవత్సరం చెప్పలేనివాళ్ళు కూడా దానికి ఠక్కున చెప్తారు. ఫోటో మూలన నారింజ రంగులో పడ్డ తేదీని నమ్మొద్దు. కెమెరాలో తేదీ సరిచేసి పెట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఇక స్కానింగ్. ఎక్కువ పుస్తకాలు చెడేది ఇక్కడే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి తగ్గిపోతుంది. అచ్చుకు కావాల్సిన 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన అది 5.3 అంగుళాలు. డెమీ సైజు పేజీ వెడల్పు 5.5 అంగుళాలు కాబట్టి సరిపోయిందనుకుంటారు. కానీ వరసకి 16 మంది ఉన్న గ్రూపు ఫోటోలో మనిషికి వంద పిక్సెళ్ళు, అందులో ముఖానికి నలభై, యాభై. అచ్చులో అది నాలుగు మిల్లీమీటర్లు, అదీ పాకినట్టు. కాబట్టి ఒరిజినల్ ప్రింటు తెప్పించి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. 12 అంగుళాల ప్రింటు ఏ4 స్కానర్ మీద పట్టదు, రెండు ముక్కలుగా తీసి అతికించాలి. ఫోనుతో ఫోటో తీసి పంపేవాళ్ళకు మూడు మాటలు చెప్పండి: ఫ్లాష్ ఆపాలి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి, వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. నెగెటివ్‌లు ఎవరి దగ్గరైనా ఉంటే అదృష్టమే. ప్రింటు రంగు మారినా వాటిలోంచి మంచి బొమ్మ వస్తుంది.

ఆటోగ్రాఫ్ పేజీలను రంగులోనే స్కాన్ చేయండి. బ్లాక్ అండ్ వైట్‌లో లేత గులాబీ సిరా కనపడకుండా పోతుంది. వెనక పేజీ స్కెచ్ పెన్ ఇవతలికి కనిపిస్తుంటే ఆ కాగితం వెనక నల్ల చార్టు పెట్టండి, చాలావరకు తగ్గుతుంది. జిగురు ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫోటోను పీకొద్దు, ఆల్బమ్ పేజీతో సహా స్కాన్ చేయండి.

గ్రూపు ఫోటోలో పేర్లు పెట్టడానికి మూడు వారాలు కేటాయించండి. నవ్వకండి, పడుతుంది. ఫోటో కాపీ మీద ప్రతి ముఖానికీ నంబరు వేసి గ్రూపులో పెట్టండి. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెప్తేనే ఖాయం చేయండి. మిగిలినవాటికి బడి అడ్మిషన్ రిజిస్టరే దిక్కు. హెడ్మాస్టర్‌ని అడిగితే చేతికివ్వకపోయినా ఎదురుగా పేర్లు సరిచూసుకోనిస్తారు. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారిన అమ్మాయిలకు బడి పేరు ముందు, ఇప్పటి పేరు తర్వాత వేయండి.

తెలుగు టైపింగులో ఒక ఉచ్చు ఉంది. మీవాళ్ళు పంపేదంతా యూనికోడ్, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు. మన ప్రెస్సుల పక్కన డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టడం) చేసేవాళ్ళలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పనిచేస్తారు. కన్వర్టర్‌లో మారిస్తే కొన్ని ఒత్తులు జారతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు పిచ్చిరాతలవుతాయి. "ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ చేస్తారా?" అని ముందే అడగండి. చేస్తామంటే అందులో తెలుగు ఒత్తుల్ని సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేశారో లేదో చూడండి. అది లేకపోతే "స్త్రీ" మూడు ముక్కలై కూర్చుంటుంది. మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు చాలు. అక్షరం 12 పాయింట్లయితే లైన్ల మధ్య దూరం 17, 18 ఉంచండి. అంతకన్నా బిగిస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

62 మంది, టీచర్లు, బడి లైబ్రరీ, ఓ పది అదనం కలిపితే వంద కాపీల లోపే. ఈ లెక్కకు ఆఫ్‌సెట్ అచ్చుకు ప్లేట్లు చేయించడం దండగ, డిజిటల్ వేయించండి. లోపలికి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో, అంటే మెరుపులేని తెల్ల కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. స్లామ్ బుక్ పేజీలన్నీ ఒక 16 పేజీల్లోకి చేర్చి అంతవరకే రంగులో 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ మీద వేయండి, ఖర్చు బాగా దిగుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు మ్యాప్‌లితో మీద నల్లబడతాయి కాబట్టి స్క్రీన్ మీద కాస్త వెలిసినట్టు కనిపించేదాకా తేలిక చేయండి. గ్రూపు ఫోటోను రెండు పేజీల మీదుగా పరిస్తే మధ్యలో కూర్చున్న హెడ్మాస్టరే బైండింగులోకి పోతాడు. దాన్ని ఒకే పేజీలో అడ్డంగా తిప్పి పెట్టండి.

నవంబర్, డిసెంబర్‌లలో ప్రెస్సులకు క్యాలెండర్లు, డైరీల పని. చిక్కడపల్లిలో ఇచ్చినా ఇంకెక్కడ ఇచ్చినా నవంబర్ మొదటి వారానికి పీడీఎఫ్ వాళ్ళ చేతిలో ఉండాలి. డబ్బు కూడా అప్పటికే వసూలవ్వాలి. "ఫంక్షన్‌లో ఇస్తాలే" అన్నవాళ్ళ కాపీలు మీ ఇంట్లోనే మిగిలిపోతాయి.

స్లామ్ బుక్ పేజీకి అనుమతి అడగాల్సింది పుస్తకం దాచుకున్నవాళ్ళను కాదు, ఆ పేజీ రాసినవాళ్ళను. "క్రష్ ఎవరు?" అన్న గడికి ఇప్పుడు రెండు కుటుంబాలున్నాయి. టీచర్ల ముద్దుపేర్లలో ఒంటి రంగు, లావు, కులం మీద ఉన్నవి తీసేయండి. మిగతావి ఆ సార్‌కే చూపిస్తే చాలామంది నవ్వి ఒప్పుకుంటారు. చనిపోయిన స్నేహితుల పేజీకి ఫోటో వాళ్ళ ఇంటివాళ్ళనే ఎంచమనండి. ఫోన్ నంబర్లు, పుట్టినతేదీలు, మార్కుల మెమోలు అచ్చు వద్దు.

వంద కాపీలకు ముందు ఒకే ఒక్క కాపీ తీయించి, ఫోటోలు చూడకుండా పేర్లు మాత్రం ఇద్దరు కూర్చుని పైకి చదవండి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు రిజిస్టర్ పేర్లతో టిక్కు పెట్టుకుంటూ.