స్కూల్ డిస్ట్రిక్ట్ చేసిన అప్పుకు భయపడి ఇల్లు అమ్ముకోవాలా?

ప్రశ్న: మేము శాన్ డియేగో ఉత్తర భాగంలో, పౌవే యూనిఫైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) పరిధిలో 2021లో 12 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నాం. మా డిస్ట్రిక్ట్ 2011లో తీసుకున్న 10.5 కోట్ల డాలర్ల అప్పుకు దాదాపు 100 కోట్లు తిరిగి కట్టాల్సి ఉందని ఈమధ్యే తెలిసింది. ఆ భారం మీద పడేలోగా ఇల్లు అమ్మేయడం మంచిదా? పన్నులో స్కూల్ బాండ్ల భాగాన్ని కట్టకుండా ఆపి నిరసన తెలపాలని మావారు అంటున్నారు. గ్రీన్ కార్డు మీద ఉన్నందువల్ల మాకు ఓటు లేదు.

సమాధానం: మీరు విన్నది నిజమే. 2011లో పౌవే డిస్ట్రిక్ట్ అమ్మినవి క్యాపిటల్ అప్రీసియేషన్ బాండ్లు. మామూలు బాండ్లకు ఏటా వడ్డీ కడుతూ పోతారు. వీటికి తొలి ఇరవై ఏళ్లు రూపాయి కూడా కట్టనక్కరలేదు, ఆ వడ్డీ అంతా అసలులో కలిసి చక్రవడ్డీగా పెరుగుతుంది. ఏడు శాతం వడ్డీకి సొమ్ము పదేళ్లకొకసారి రెట్టింపవుతుందనుకుంటే ముప్పై ఏళ్లలో ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, 2033లో మొదలై 2051 వరకు సాగే చెల్లింపుల మొత్తం 98 కోట్ల డాలర్లకు చేరడంలో వింతేమీ లేదు. ఊళ్లో వడ్డీ వ్యాపారి ఎవరైనా ఇలాంటి నోటు రాయించుకుంటే నలుగురూ చేరి నిలదీస్తారు. ఇక్కడ స్కూల్ బోర్డు సమావేశంలో చేతులెత్తి ఆమోదించారు. దీనికితోడు వడ్డీ రేట్లు తగ్గినప్పుడు ముందుగా తీర్చేసి కొత్త అప్పు తెచ్చుకునే వీలు కూడా ఆ బాండ్లలో పెట్టుకోలేదు. నా దృష్టిలో అసలు తప్పు అదే.

అలా ఎందుకు చేశారన్నది తెలిస్తే మీ లెక్క తేలికవుతుంది. 2008లో ప్రాపోజిషన్ సి, అంటే ఈ బాండ్లకు అనుమతి కోరే ప్రతిపాదన, మీద ఓటు అడిగినప్పుడు, లక్ష డాలర్ల అసెస్డ్ విలువకు (పన్ను లెక్కకు తీసుకునే ఇంటి విలువకు) 55 డాలర్లకు మించి పన్ను పెరగదని డిస్ట్రిక్ట్ చెప్పింది. ఆ వెంటనే ఇళ్ల ధరలు కూలి, ఆ రేటు మీద కొత్త అప్పుకు వాయిదాలు కట్టేంత రాబడి లేకపోయింది. కట్టడాలు ఆగకూడదు, రేటు పెరగకూడదు అనుకున్నప్పుడు మిగిలిన దారి చెల్లింపును తరువాతి తరం మీదికి నెట్టడమే. అయితే ఆ 55 డాలర్లు అంచనా మాత్రమేనని గుర్తుంచుకోండి. ఇలా ఆస్తి పన్నుతో తీర్చే జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లకు అవసరమైనంత పన్ను, ఎంత రేటైనా సరే, వసూలు చేసే బాధ్యత కౌంటీ మీద ఉంటుంది. డిస్ట్రిక్ట్ పరిధిలోని ఆస్తుల విలువ వాళ్లు ఊహించినంత పెరగకపోతే రేటే పెరుగుతుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి చూద్దాం. ఆస్తి పన్నుకు హద్దు పెట్టే కాలిఫోర్నియా నిబంధన ప్రాపోజిషన్ 13 ప్రకారం మీ అసెస్డ్ విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు కాబట్టి 2033 నాటికి అది గరిష్ఠంగా 15.2 లక్షల డాలర్లు అవుతుంది. 55 డాలర్ల రేటు మీద ఏడాదికి సుమారు 840 డాలర్లు. రేటు రెండింతలైందనే అనుకుందాం, 1,680 డాలర్లు, అంటే నెలకు అదనంగా 70 డాలర్లు. ఇది చిన్న మొత్తమని అనను, కానీ ఇల్లు అమ్మాల్సినంత మొత్తం కాదు. అమ్మితే కమిషన్లు పోతాయి, కొత్తగా కొన్న ఇంటికి అసెస్డ్ విలువ కొన్న ధర దగ్గర మొదలవుతుంది, పైగా ఆ డిస్ట్రిక్ట్‌కీ ఏవో బాండ్లు ఉంటాయి. మీ పన్ను బిల్లులో మెల్లో-రూస్ అనే వరుస కూడా ఉంటే, అది స్కూల్ బాండ్ల వరుసకు వేరుగా ఉంటుంది. మెల్లో-రూస్ అనేది మీ ఇల్లున్న కాలనీ మౌలిక వసతుల కోసం వేసిన ప్రత్యేక పన్ను, దానికీ ఈ అప్పుకూ సంబంధం లేదు. చాలామంది దాన్ని చూసి దీన్ని తిడుతుంటారు.

పౌవే లాంటి ఉదంతాల తరువాత 2013లో కాలిఫోర్నియా ఏబీ 182 చట్టం చేసింది: ఇలాంటి బాండ్ల గడువు 25 ఏళ్లకు, తిరిగి కట్టే మొత్తం అసలుకు నాలుగు రెట్లకు మించకూడదు; పదేళ్లు దాటిన బాండ్లను ముందుగా తీర్చే వీలు ఉండాలి. పాత బాండ్లకు అది వర్తించదు.

జవాబుదారీ విషయంలో ఒక మాట చెప్పాలి. స్కూల్ బాండ్ల ఓటింగ్‌కు నియమాలు పెట్టిన 2000 నాటి ప్రాపోజిషన్ 39 కింద 55 శాతం ఓట్లతో నెగ్గిన బాండ్లకు పౌరుల పర్యవేక్షణ సంఘం తప్పనిసరి. కానీ ఆ సంఘం చూసేది సొమ్ము చెప్పిన కట్టడాలకే ఖర్చయిందా అన్నది. ఏ వడ్డీకి, ఎన్నేళ్లకు, ఏ షరతుల మీద అప్పు తేవాలన్నది నిర్ణయించేది బోర్డు. కాబట్టి సంఘం నివేదిక బాగుందని నిశ్చింతగా ఉండకండి. మీకు ఓటు లేకపోయినా గొంతు ఉంది: బోర్డు సాధారణ సమావేశాల ఎజెండా 72 గంటల ముందే బయట పెట్టాలి, అందులో ఎవరైనా మాట్లాడవచ్చు, పత్రాలు కోరితే డిస్ట్రిక్ట్ పది రోజుల్లోగా స్పందించాలి. తదుపరి బాండ్ అమ్మకం ఎజెండాకి వచ్చిన రోజు మూడు సంగతులు అడగండి: మొత్తం ఎంత తిరిగి కడతాం, ముందుగా తీర్చే వీలుందా, డిస్ట్రిక్ట్‌కు అప్పు విషయంలో సలహా ఇచ్చే సలహాదారుకు ఫీజు బాండ్లు అమ్ముడైతేనే వస్తుందా? మూడోదానికి అవునని చెప్తే, అమ్మవద్దని ఆయన సలహా ఇస్తాడని ఆశించలేం.

మీవారి ఆలోచన మాత్రం వద్దు. కౌంటీకి చెల్లించే బిల్లులో ఒక వరుస ఆపడం కుదరదు. డిసెంబర్ 10, ఏప్రిల్ 10 గడువులు దాటితే బకాయి పడిన వాయిదా మీద 10 శాతం జరిమానా పడుతుంది. ఆ జరిమానా బాండ్ల షరతులను ఏమాత్రం మార్చదు, మీరు కట్టే మొత్తాన్ని పెంచుతుంది.