ఉతాకి మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జపాన్ దీవి ఒకినావా మీద నువ్వు పంపిన డ్రాఫ్ట్ నిన్న రాత్రి రెండుసార్లు చదివా. మొదటి లైన్లోనే సేఫా ఉతాకిని "పురాతన దేవాలయం" అనేశావు, అక్కడే ఆగిపోయా. గుడి అన్న మాట పడగానే మనవాళ్ళకి గోపురం, గంట, విగ్రహం కళ్ళముందుకొచ్చేస్తాయి కదా, అక్కడేమో అడవి, సున్నపురాయి బండలు, ధూపం పెట్టే చిన్న రాతి తొట్లు, అంతే. ఉతాకి అంటే దేవుడు దిగొచ్చే చోటు, అది తోపు కావచ్చు, గుహ కావచ్చు, కొండ కావచ్చు. ఆ ఖాళీని ఖాళీగానే చూపించు, ప్లీజ్.

యునెస్కోకి రెండు పేరాలు ఎందుకురా, 2000లో లిస్టులో చేరిందని ఒక్క ముక్క చాలు. మిగిలిన జాగా అంతా ఆ ఉతాకిలోనే ఉన్న సాంగూయి అనే చోటికి ఇవ్వు. రెండు పేద్ద బండలు ఒకదానికొకటి ఆనుకుని త్రికోణం సందు, దాని అవతల సముద్రం మీద కుదకా దీవి, సృష్టి చేసిన దేవత అమామికియో దిగింది అక్కడే అని నమ్మకం, అందుకే ఇక్కణ్ణుంచే దీవి వైపు తిరిగి మొక్కేవాళ్ళు. అప్పట్లో మగవాళ్ళకి ప్రవేశమే ఉండేది కాదు. ఒకినావాని ఒకప్పుడు ఏలిన ర్యూక్యూ రాజ్యానికంతటికీ పెద్ద పూజారిణి, కికోఏ ఓగిమి, పదవిలోకి వచ్చే క్రతువు ఇక్కడే జరిగేది, మొదటావిడ రాజు షో షిన్ తోబుట్టువు. అన్నదమ్ముల్ని కాపాడే శక్తి అక్కచెల్లెళ్ళలో ఉంటుందని ర్యూక్యూ వాళ్ళ నమ్మకం, మనకి ఆడపడుచు అనే ఇంత చక్కటి మాట ఉండగా నువ్వు "ఫీమేల్ ప్రీస్ట్" అని రాశావేంటి?

ఇంకోటి, ఆ తోపులోనే చిన్న చెరువులాంటిది ఉంది చూడు, 1945 యుద్ధంలో షెల్ పడి ఏర్పడిన గొయ్యి అది. నువ్వసలు ముట్టుకోలేదు. నాకైతే వ్యాసం మొత్తం అక్కణ్ణుంచే మొదలవ్వాలనిపించింది.

కుదకాలో పన్నెండేళ్ళకోసారి జరిగే ఇజైహో చివరిసారి జరిగింది 1978లో, ఆ తర్వాత ఆగిపోయింది, దీవి ఆడవాళ్ళు పూజారిణులుగా మారే పండగ అది. ఆ పేరా బాగా రాశావు, కదపకు. కానీ వెంటనే ఆ దీవిలోని ఫూబో ఉతాకి లోపల ఆకుల చప్పుడు, చీకటి అని వర్ణించావు చూడు, లోపలికి ఎవర్నీ రానివ్వరు, నువ్వూ వెళ్ళలేదు. అది కొట్టెయ్. దారి ఎక్కడ ఆగిందో అక్కడిదాకా రాసి పంపు, ఆదివారం కూర్చుని చదువుతా.

నీ అన్నయ్య