కొడవలి గాయానికి గాయపాకు రసం

ప్రశ్న: వరికోతల్లో కొడవలి తగిలి తెగినప్పుడు మా ఇంట్లో గట్టు మీది గడ్డిచేమంతి ఆకు నలిపి రసం పిండుతారు. ఇది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, గజపతినగరం, విజయనగరం జిల్లా

జవాబు: పైపైన గీసుకున్న చిన్న గాయం వరకు ఈ వాడుకకు కొంత ఆధారం ఉంది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి మన పొలం గట్లన్నిటా అల్లుకుపోయిన ఈ మొక్కను గాయపాకు అని కూడా అంటారు; దీని ఆకు రసం ఎలుకల్లో గాయాలు మానడానికి తోడ్పడినట్లు ప్రయోగాల్లో గమనించారు. అయితే ప్రయోగశాలలో వాడేది శుభ్రంగా తీసిన సారం. పొలంలో మనం పిండేది మట్టి అంటిన ఆకు, ఆ మట్టిలోనే ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు. నాకు ఆందోళన కలిగించేది ఆకు కాదు, ఆ మట్టే.

కనుక ముందుగా గాయాన్ని ధారగా పడే మంచినీటితో కడిగి, నెత్తురు ఆగేదాకా శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. లోతుగా తెగితే ఏ పసరూ, పసుపూ కూరకుండా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుట్లు అవసరమో కాదో, ధనుర్వాతం టీకా వేయాలో లేదో అక్కడ చూస్తారు. మధుమేహం ఉన్నవారు చిన్న గాయాన్నైనా వైద్యులకు చూపించాలి.