రాళ్లు మోసిన తాతకు మొదటి కుర్చీ

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తాతకు 86 ఏళ్లు, వయసులో ఉన్నప్పుడు నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్లు మోశాడు. విదేశాల్లో పాత ఫ్యాక్టరీలు, గనులు జనానికి తెరిచి చూపిస్తారట. మా కాలేజీ పిల్లలతో సాగర్ మీద అలాంటి కార్యక్రమం పెట్టాలని ఉంది. కానీ డ్యాం ఇంకా నడుస్తూనే ఉంది కదా, దాన్ని పురావస్తువంటే నవ్వరా?

జవాబు: ఎందుకు నవ్వుతారండీ! పాత ఫ్యాక్టరీలు, గనులు, డ్యాంల లాంటి వాటిని చరిత్రగా చదవడాన్ని పారిశ్రామిక పురావస్తు పరిశోధన అంటారు. ఆ మాటను ఇంగ్లండ్‌లో మైకేల్ రిక్స్ అనే అధ్యాపకుడు ఒక వ్యాసంతో జనంలోకి తెచ్చింది 1955లో, సరిగ్గా ఆ ఏడాదే డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. కట్టడం నడుస్తోందా ఆగిందా అన్నది కాదు, దాన్ని ఎవరు, ఏ పనిముట్లతో, ఎలా కట్టారన్నదే ఇందులో అసలు విషయం. జర్మనీలోని రూర్ ప్రాంతంలోనైతే 2001 నుంచి వేసవిలో ఒక రాత్రి పాత బొగ్గు గనులు, ఉక్కు కార్ఖానాలు తెరిచి అక్కడే పాటలు, నాటకాలు పెడుతున్నారు, జనం బాగా వస్తారు.

మన సాగర్ సంగతే చూడండి. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టారు, ఎందుకంటే అప్పట్లో యంత్రాలు తక్కువ, చేతులు ఎక్కువ. కర్రలతో కట్టిన ర్యాంపుల మీద వరసగా రాళ్లు మోసుకెళ్తున్న మనుషుల ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నీట మునగబోయే లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, బౌద్ధ కట్టడాలను నాగార్జునకొండ మీదికి చేర్చారు, అది మంచి పనే. కానీ ఆ పక్కనే కట్ట కడుతున్న కూలీల తట్టలు, సమ్మెటలు, వాళ్ల మాటలు ఎవరు దాచారు? దేశంలో ఎన్నో డ్యాంలు పాలమూరు లేబర్, అంటే మహబూబ్‌నగర్ వైపు నుంచి వలస వెళ్లిన కూలీల చేతుల మీద లేచినవే, కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రీ పిలిస్తే ఊళ్లకు ఊళ్లు కదిలాయి.

కట్ట మీదికి వెళ్లడానికి అధికారుల అనుమతి కావాలి, ఫొటోలు తీయొచ్చో లేదో ముందే అడగండి. కుదరకపోతే టెన్షన్ పడొద్దు, మీ ఊరి బడిలోనే పెట్టండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, ఆ రోజైతే బాగుంటుంది. చుట్టుపక్కల ఊళ్లలో కట్ట మీద పనిచేసిన వాళ్లను పిలిచి, ఇళ్లలో మిగిలిన పనిముట్లు తెప్పించి, వాటి పేర్లు వాళ్ల నోటితోనే చెప్పించండి. ఉపన్యాసాలు తగ్గించండి, పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి. కూలి ఎలా ఇచ్చేవారు, గుడిసెలు ఎక్కడ వేసుకున్నారు, దెబ్బ తగిలితే ఎవరు చూశారు, ఇవన్నీ అడిగించండి.

ఏప్రిల్ దాకా మాత్రం ఆగకండి. ఈ ఆదివారమే తాత పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, తొందరపెట్టకుండా ఆయన్ను మాట్లాడనివ్వండి.