మా డిపార్ట్‌మెంట్‌కి 3.1 వచ్చింది మేడమ్, మేం అంత ఘోరంగా ఉన్నామా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే గొడవ మీద ఉన్నాయి కాబట్టి మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. గొడవ ఏంటంటే ఆఫీసు సర్వే. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని మొదలయ్యే ఆ మెయిల్ అందుకోని ఉద్యోగి ఎవరున్నారు చెప్పండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఒక కంపెనీలో ఐటీ సపోర్ట్ చూస్తాను. మేం 9 మందిమి, మా మీద ఆధారపడేవాళ్ళు 600 పైచిలుకు. ఈ ఏడాది మొదటిసారి ఉద్యోగులందరికీ సర్వే పంపి, ఒక్కో విభాగం పేరు రాసి "పనితీరు ఎలా ఉంది?" అని 1 నుంచి 5 దాకా మార్కులు వేయమన్నారు. మాకు 3.1 వచ్చింది. అకౌంట్స్‌కి 3.9, అడ్మిన్‌కి 4.2. మీటింగులో మా పై ఆయన ఆ స్లైడ్ తెర మీద పెట్టి "ఏంటిది?" అన్నారు, నాకు నోట మాట రాలేదు. మాకొచ్చే టికెట్లలో (అంటే నమోదైన సాయం కోరికల్లో) నూటికి 92 గడువులోపే క్లోజ్ అవుతున్నాయి, ఆ లెక్క నా దగ్గర ఉంది. మావాళ్ళేమో "అర్ధరాత్రి కూడా ఫోనెత్తాం కదా సార్" అని బాధపడుతున్నారు. తప్పు సర్వేదా, మాదా?

జవాబు: ముందుగా ప్రశ్నది. మీది కూడా కొంత ఉండొచ్చు, దానికి తర్వాత వస్తాను, కోపం తెచ్చుకోకండి.

"ఐటీ పనితీరు ఎలా ఉంది?" అని అడిగితే 600 మంది 600 రకాల ప్రశ్నలు చదువుకుంటారు. ఒకాయనకి గుర్తొచ్చేది మొన్న మొరాయించిన ప్రింటర్, ఇంకొకావిడకి మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమని వెంటపడే ఆ మెసేజ్, వేరొకరికి మీరు బ్లాక్ చేసిన వెబ్‌సైట్. పాస్‌వర్డ్ రూలు పెట్టింది మీరు కాకపోవచ్చు, ఏ ఆడిట్ వాళ్ళో చెబితే అమలు చేసి ఉంటారు, కానీ తిట్లు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. "కుదరదు" అని చెప్పడం ఉద్యోగంలో భాగమైన విభాగానికి, అడిగింది తెచ్చిచ్చే విభాగానికి ఒకే స్కేలు పెట్టి పక్కపక్కన చూపిస్తే ఎవరు ఓడిపోతారో స్లైడ్ వేయకముందే తెలుసు. అడ్మిన్‌తో మిమ్మల్ని పోల్చడంలో అర్థం లేదు. పోల్చాలంటే వచ్చే ఏడాది మీతో మిమ్మల్నే పోల్చాలి.

ఇంకోటి, మనుషులు సేవకి మార్కులు వేసేటప్పుడు అందినదాన్ని ఒక్కదాన్నే తూచరు, తాము ఏం ఆశించారో దానితో కలిపి తూస్తారు. 1980ల్లో పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు సర్వ్‌క్వాల్ అనే కొలత తయారు చేసింది ఈ తేడా మీదే. ఎంత ఆశించారు, ఎంత అందింది అని 22 అంశాల్లో విడివిడిగా అడిగి మధ్యలో ఖాళీ ఎంతో చూస్తారు. మీరు అర్ధరాత్రి ఫోనెత్తడం మొదలుపెట్టిన రోజున అది ఉపకారం, ఆరు నెలలు పోయాక అది మామూలు, ఒక్కరోజు ఎత్తకపోతే నేరం. కాబట్టి మార్కు తగ్గినంత మాత్రాన పని తగ్గినట్టు కాదు.

సరే, ఇప్పుడు మీ 92 సంగతి. దాన్ని పట్టుకుని మీటింగులో వాదించకండి. నేనూ ఒకప్పుడు ఉద్యోగుల ఖర్చుల బిల్లులు పాస్ చేసే విభాగంలో పనిచేశాను. మూడు రోజుల్లో తేల్చేస్తాం అని మాకు భలే గర్వంగా ఉండేది. ఒకసారి సర్వేలో కామెంట్ల పెట్టెలో ఒకరు ఇలా రాశారు: "బిల్లు తిప్పి పంపారు. ఎందుకో రాయలేదు. మళ్ళీ పంపాను. మళ్ళీ తిప్పి పంపారు." అంతే, తిట్టు లేదు, మార్కు కూడా 3 వేశారు పాపం. వెళ్ళి మా రిజిస్టర్ చూసుకుంటే తెలిసిందేంటంటే, బిల్లు తిప్పి పంపిన ప్రతిసారీ మేం దాన్ని "తేలింది" అనే లెక్కలో వేసేవాళ్ళం. ఆ మనిషి మూడుసార్లు తిరిగితే మా ఖాతాలో మూడు విజయాలు! మీ 92 లోపల కూడా ఇలాంటివి ఎన్నున్నాయో ఒకసారి చూడండి. క్లోజ్ చేశాక నెలలోపు అదే మనిషి అదే గొడవతో మళ్ళీ ఎన్నిసార్లు వచ్చాడో లెక్క తీయండి. ఆ అంకె మీరే ముందు బయటపెడితే పై ఆయన ముందు మీ మాటకి బరువొస్తుంది.

వచ్చేసారి సర్వేలో అభిప్రాయం అడగొద్దు, జరిగింది అడగండి. ఇది నా సొంత తెలివేం కాదు. జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ సైకాలజిస్టు రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంతో పనిచేస్తూ మొదలుపెట్టి 1954లో వ్యాసంగా రాసిన పద్ధతి: "ఫలానావాడు మంచివాడా?" అని కాకుండా "ఫలానా సందర్భంలో ఏం చేశాడు?" అని అడగడం. మీకు సరిపడా మార్చి రాస్తే ఇలా ఉంటుంది. గత మూడు నెలల్లో ఐటీ సాయం అడిగారా? చివరిసారి దేనికి? పని అయిందా? ఎన్నిసార్లు అడిగితే అయింది? ఎక్కడిదాకా వచ్చిందో మీరు అడగకుండా ఎవరైనా చెప్పారా? ఐదే ప్రశ్నలు, నిమిషంలో అయిపోతుంది. "వేగంగా, మర్యాదగా స్పందించారా?" లాంటివి మాత్రం పెట్టకండి, వేగంగా వచ్చి విసుక్కున్నవాడికి ఏం టిక్ పెట్టాలి?

సాయం అడగలేదు అన్నవాళ్ళని వదిలేయకండి, అసలు సరుకు అక్కడే ఉంటుంది. "అవసరం రాలేదు" అన్నారా, "అవసరం వచ్చింది గానీ పక్క సీటాయన్ని అడిగి చేయించుకున్నాను" అన్నారా? ఆ రెండో జవాబు ఏ టికెట్ లెక్కలోనూ కనపడదు, మీ గురించి అంతకన్నా ముఖ్యమైన సమాచారమూ ఉండదు.

చివరగా ఆ 3.1 ఎలా వచ్చిందో అడిగి తెలుసుకోండి. నలభై మంది అందరూ 3 వేసినా సగటు 3, ఇరవై మంది 5, ఇరవై మంది 1 వేసినా 3. మొదటిదైతే మీరంటే ఎవరికీ పట్టలేదని. రెండోదైతే ఆఫీసులో ఒక అంతస్తుకో ఒక షిఫ్టుకో మీరు అందడం లేదని, దాన్ని వెతికి పట్టుకోవచ్చు. ఈ ఐదు మెట్ల పద్ధతిని 1932లో ప్రతిపాదించిన అమెరికన్ సైకాలజిస్టు రెన్సిస్ లికర్ట్ (చాలామంది లైకర్ట్ అంటారు, ఆయన పేరు లికర్ట్) కూడా ఒక్క ప్రశ్న మీద తీర్పు చెప్పమనలేదు. ఒకే విషయం మీద ఎన్నో వాక్యాలు ఇచ్చి, అన్నిటి మార్కులూ కలిపి చూడాలన్నది ఆయన పద్ధతి. మనవాళ్ళు మెట్లు మాత్రం ఉంచుకుని మిగతాది వదిలేశారు.

ప్రశ్న: నేను హెచ్ఆర్‌లో కొత్త. మా సర్వే 480 మందికి పంపితే 110 మంది నింపారు. మా మేనేజర్ "110 అంటే తక్కువేం కాదు, రిపోర్ట్ రాసెయ్" అంటున్నారు. ఇంకో సంగతి, మా ట్రైనింగ్ విభాగానికి పోయినసారి 3.6, ఈసారి 3.8 వచ్చింది, అభివృద్ధి అని రాయొచ్చా? దానికి మార్కులు వేసింది రెండుసార్లూ 14 మందే.

జవాబు: రెండోది ముందు చెప్తాను, అది కూడికలతో తేలిపోతుంది. 14 మంది మార్కులు కలిపితే 50 వచ్చిందనుకోండి, సగటు 3.57, అంటే మీ 3.6. వాళ్ళలో ఒకే ఒక్కరు ఈసారి 2 బదులు 5 వేస్తే మొత్తం 53, సగటు 3.79, అంటే మీ 3.8. మీ అభివృద్ధి మొత్తం ఒక మనిషి మూడ్ కావచ్చు. రాయకండి.

110 సంగతికొస్తే, ఎంతమంది నింపారన్నది కాదు, నింపనివాళ్ళు ఎవరన్నది చూడాలి. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు దాదాపు కోటి మందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని అచ్చేసింది. ఆయనకి దక్కింది రెండే రాష్ట్రాలు, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఊడ్చేశాడు. కార్డులు వెళ్ళింది ఎక్కువగా ఫోన్లూ కార్లూ ఉన్న ఇళ్ళకి, పైగా పనిగట్టుకుని తిప్పి పంపినవాళ్ళు ఒక తరహా మనుషులు. అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు చాలా తక్కువ మందిని అడిగి గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. లక్షలకే దిక్కులేనప్పుడు మీ 110 ఎంత.

మీరు చేయగలిగింది ఇది. ఆ 110 మంది ఏ విభాగాలవాళ్ళో, ఏ షిఫ్టువాళ్ళో, ఎన్నేళ్ళ సర్వీసువాళ్ళో మొత్తం 480తో పక్కపక్కన పెట్టి చూడండి. రాత్రి షిఫ్టు నుంచి ఇద్దరే ఉంటే రిపోర్టు మొదటి పేజీలోనే "ఇది పగటి షిఫ్టు మాట" అని రాయండి. తర్వాత నింపనివాళ్ళలో చీటీలు తీసినట్టు ఓ ఇరవై మందిని ఎంచుకుని, వాళ్ళ సీటు దగ్గరికే వెళ్ళి ఐదు నిమిషాలు మాట్లాడండి. ఎందుకు నింపలేదని నిలదీయకండి, పోయినసారి నింపాక ఏమైందని అడగండి. "ఏమీ కాలేదు" అని పది మంది చెబితే మీకు 31 పేజీల రిపోర్టు అక్కర్లేదు.

ప్రశ్న: సర్వేలో మన పేరు ఎవరికీ తెలియదంటారు. నిజమేనా? మా టీమ్‌లో 9 మందిమి, ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. నిజం రాస్తే దొరికిపోతానని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. "పేరు తెలియదు", "పేరు బయటపెట్టం" అన్నవి రెండు వేర్వేరు మాటలు, ఆఫీసుల్లో రెండిటినీ కలిపేసి మాట్లాడతారు. మీకొచ్చిన లింకు మీ ఒక్కరికే వచ్చినదైతే, "మీరింకా నింపలేదు" అని మీకు మాత్రమే రిమైండర్ వస్తుంటే, ఎవరు నింపారో ఎక్కడో ఒకచోట నమోదవుతున్నట్టే. అది మోసం కానక్కర్లేదు, కానీ పేరు తెలియని సర్వే మాత్రం కాదు.

ఫలితాలు చూపించే తీరులోనూ దొరికిపోవచ్చు. 9 మంది సగటు ఒక చోట, మగవాళ్ళు 8 మంది సగటు ఇంకోచోట ఇచ్చారంటే మీ మార్కు తీసివేతతో వచ్చేస్తుంది. అందుకే చాలా సంస్థలు ఐదుగురి కన్నా తక్కువ ఉన్న గుంపు ఫలితం చూపించవు. మీ హెచ్ఆర్‌ని సూటిగా అడగండి: "ఎంతమంది కన్నా తక్కువుంటే చూపించరు? కామెంట్లు ఉన్నవి ఉన్నట్టు మేనేజర్‌కి వెళ్తాయా?" రెండో ప్రశ్నే అసలు ప్రమాదం, ఎందుకంటే మన రాత మన గొంతులాంటిది, ఇట్టే గుర్తుపట్టేస్తారు. జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే మార్కులు వేసి కామెంట్ పెట్టె ఖాళీగా వదిలేయండి. మీ ఉద్యోగం ముఖ్యం, వాళ్ళ రిపోర్టు కాదు.

సర్వే చేసేవాళ్ళు చదువుతుంటే ఒక మాట. ఎవరి జవాబు ఏదో తెలియకుండానే నిజం రాబట్టడానికి, 1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడి ఆలోచనతో మొదలైన ఓ చిట్కా ఉంది, దానికి నాణెంతో చేసే సులువైన రూపం ఇది. అవునా కాదా అనే ఒక ప్రశ్న అడుగుతారు, ప్రతి ఉద్యోగీ చాటుగా నాణెం ఎగరేస్తాడు, బొమ్మ పడితే ఏదైనా సరే "అవును" అంటాడు, బొరుసు పడితే నిజం చెప్తాడు. 400 మందిలో 260 మంది అవునన్నారనుకుంటే, దాదాపు 200 అవుననేవి నాణెం చెప్పించినవి, మిగతా 200 మందిలో 60 మంది నిజంగా అవునన్నారు, అంటే నూటికి 30. ఫలానా మనిషి అవునన్నాడని తెలిసినా ఎందుకన్నాడో దేవుడికి కూడా తెలియదు. చిన్న టీమ్‌లకి పనికిరాదు, లెక్క మరీ ఊగుతుంది.

ప్రశ్న: వచ్చే ఏడాది నుంచి సర్వే మార్కుని బట్టే మా విభాగానికి బోనస్ అంటున్నారు. మంచిదేనా?

జవాబు: కాదు. కొలతని లక్ష్యంగా మార్చగానే అది కొలతగా పనికిరాకుండా పోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఓ సూత్రమే ఉంది, ఆయన 1975లో అన్నది ద్రవ్య విధానం గురించి గానీ ఆఫీసులకీ అతికినట్టు సరిపోతుంది. ఏం జరుగుతుందో చెప్పనా, సర్వే వారంలో మీవాళ్ళు భలే మంచివాళ్ళైపోతారు, పని చేసిచ్చి వెళ్తూ తలుపు దగ్గర ఆగి "ఐదు వేయండి సార్, ప్లీజ్, బోనస్ పోతుంది" అంటారు, ఎదుటివాడు మొహమాటానికి వేస్తాడు, నిజంగా ఇబ్బంది పడ్డవాడు కూడా. ఆపలేని పరిస్థితైతే కనీసం బోనస్‌ని మార్కుకి కాకుండా, సర్వేలో బయటపడ్డ మూడు ఫిర్యాదుల్లో ఎన్ని సరిచేశారన్నదానికి కట్టమని అడిగి చూడండి. సరిచేశారో లేదో మాత్రం మీ విభాగం చెప్పకూడదు, ఫిర్యాదు చేసినవాళ్ళే చెప్పాలి.