అంచనాలు కట్టే పనికి వెళుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ధరలకూ వృద్ధికీ ముందస్తు అంచనాలు కట్టే ఉద్యోగం ముంబయిలో నీకు దొరికిందని అక్క ఫోనులో చెప్పిన రాత్రి, సంతోషంతో కొంతా భయంతో కొంతా, నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు ఆ పనే చేసినవాడిని కనుక రెండింటికీ నాకు హక్కుంది.

లెక్కకు ముందు గణాంకాలు సరిచూసుకో. నీ అంచనా తప్పిన ప్రతిసారీ ఎంత తప్పిందో రాసిపెట్టుకో. ఇవి నీకు కళాశాలలోనే చెప్పి ఉంటారు.

మిరపకాయల సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. నీవు ఉయ్యాలలో ఉన్న ఏడు, గుంటూరు యార్డు ధరలను పదేళ్లవి వరుసగా పేర్చి, వేసవి దాటితే మిర్చి ధర పెరుగుతుందని తేల్చాను. ఆ ఆదివారం మీ ఇంట భోజనానికి కూర్చుని, ఎవరూ అడగకుండానే ఆ అంకెను బావ చెవిన వేశాను. మీ నాన్న కల్లంలోని కాయను అమ్మకుండా కోల్డ్ స్టోరేజీకి చేర్చి, ఆ రసీదు మీద అప్పు తెచ్చాడు; ఆయనను చూసి ఊళ్లో మరో నలుగురు అదే చేశారు. ముందటి ఏటి మంచి ధర చూసి జిల్లా అంతా మిరపే వేసిందనీ, ధర కోసం కాయను దాచుకున్నది మన ఊరు ఒక్కటే కాదనీ నా లెక్కలో లేదు. దాచిన టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, ఒక్కసారిగా యార్డుకు చేరేసరికి ధర కోతల నాటి కంటే కిందికి పోయింది. తాకట్టు నుంచి మీ అమ్మ గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ అంకె అటూ ఇటూ ఎంత జరగవచ్చో నా కాగితం మీద ఉంది. విస్తరి ముందు దాన్ని చెప్పలేదు, అంతే. రిజర్వు బ్యాంకు తన అంచనా చుట్టూ విసనకర్రలా విచ్చుకునే పట్టీలు గీసి చూపేది ఇందుకే, అయినా పత్రికల్లో మధ్య గీత అంకె ఒక్కటే కనిపిస్తుంది. 2022-23లో ద్రవ్యోల్బణం 4.5 శాతం ఉంటుందని 2022 ఫిబ్రవరిలో వారన్నారు. అదే నెలలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది, ఏడాది సగటు 6.7 శాతానికి చేరింది. దానికి నవ్వేవారితో నీవు కలవకు. జరిగిపోయినదానికే అంకె నిలవడం లేదు: 2023-24లో దేశ ఆర్థిక వృద్ధి 6.5 శాతమని రిజర్వు బ్యాంకు ముందు అనుకుంది, ఏడాది ముగిశాక 2024 మేలో ప్రభుత్వ గణాంక శాఖ 8.2 అంది, 2025 ఫిబ్రవరిలో తానే 9.2గా సవరించింది. ఇది తెలిసీ సంక్రాంతికి వచ్చినప్పుడు "మా మోడల్ తప్పదు మామయ్యా" అన్నావు చూడు, ఆ మాట ఇంకెప్పుడూ అనకు తల్లీ. నిన్ను నొప్పించాలని కాదు. నీ గొంతులో నా గొంతే వినిపించింది.

బావ ఈ ఏడూ మిరపే వేశాడట. బయలుదేరే ముందు ధర ఎలా ఉంటుందని నిన్ను తప్పక అడుగుతాడు. నీ అంకె చెప్పేముందు, అప్పు ఎంత ఉందో ఆయనను అడుగు.

మీ మామయ్య